టెక్సాస్‌లో పత్తి వేయకపోయినా పత్తి సబ్సిడీ ఎలా వస్తుంది?

లబ్బక్ చుట్టుపక్కల పత్తి కౌంటీల్లో జొన్న వేసిన రైతుకూ పత్తి డబ్బులు ఎలా పడతాయని అడిగారు.

అక్కడ చూసేది చేలో ఉన్న పంటను కాదు, పాత సాగును బట్టి ఆ భూమి పేరున రాసి ఉన్న ‘బేస్ ఎకరాల’ను. 2018లో గింజ తీయని పత్తిని, ధర పడిపోతే రైతుకు పరిహారమిచ్చే అమెరికా కేంద్ర ప్రభుత్వ పథకంలో (పీఎల్‌సీ) చేర్చి, పౌనుకు 36.7 సెంట్ల ఆధార ధర పెట్టారు. 2025 చట్టం దాన్ని 42 సెంట్లకు పెంచింది. దేశం మొత్తం మీద సగటు ధర అంతకంటే తగ్గితే ఆ తేడా ఇస్తారు, అదీ బేస్‌లో 85 శాతానికే.

ఉదాహరణకు 100 బేస్ ఎకరాలు, రికార్డులో దిగుబడి ఎకరాకు 1,000 పౌన్లు, సగటు ధర 36 సెంట్లు అనుకుందాం. తేడా 6 సెంట్లు. 85 ఎకరాలకు 5,100 డాలర్లు. మన దగ్గర మద్దతు ధర కావాలంటే పత్తిని సీసీఐ (భారత పత్తి సంస్థ) కేంద్రానికి తోలాలి, తేమ శాతం దగ్గర బేరాలాడాలి. అక్కడ తూకం ఊసే లేదు. కాకపోతే డబ్బు చేతికొచ్చేది మరుసటి ఏడు అక్టోబరు నుంచే.

నగదు కౌలైతే సొమ్ము సాగుదారుదే, పాలికైతే పంచుకుంటారు. కాగితం మీద అంతే. కౌలు పెంచి భూమి ఆసామి అందులో కొంత లాగేసుకోవచ్చు, నాకైతే అసలు చిక్కు అక్కడే కనిపిస్తుంది.