1897లో ప్రపంచంలో ఏం జరిగింది?

1897లో చెప్పుకోదగ్గవి ఏం జరిగాయని అడిగారు. నన్నడిగితే మొదట సికింద్రాబాద్ పేరే చెబుతాను. మలేరియా చెడు గాలి వల్ల వస్తుందని జనం చాలాకాలం నమ్మారు. సికింద్రాబాద్‌లో సైన్యంలో డాక్టర్‌గా ఉన్న రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమలను ఒక్కొక్కటిగా కోసి మైక్రోస్కోప్ కింద వెతికారు. ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి కనిపించింది. జబ్బుకీ దోమకీ ఉన్న లంకె అలా దొరికింది. దోమ కాటుతోనే అది వ్యాపిస్తుందని మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మీద రుజువు చేశారు. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. దోమలతో కుట్టించుకున్న హుసేన్ ఖాన్‌ను మాత్రం మనం దాదాపు మరిచిపోయాం. ఆ సంగతి నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక మిగతావి. జనవరి 23న కటక్‌లో సుభాష్ చంద్రబోస్ పుట్టారు. జూన్ 12న అస్సాంలో భారీ భూకంపం వచ్చి షిల్లాంగ్ నేలమట్టమైంది. పది రోజులకు, విక్టోరియా రాణి పాలన వజ్రోత్సవం జరుగుతున్న రాత్రి, పుణెలో ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. ప్లేగు తనిఖీల పేరుతో సైనికులు ఇళ్లలోకి చొరబడడం మీద ఊరంతా రగిలిపోయి ఉంది అప్పటికి. ఇంగ్లండ్‌లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొన్నదీ ఈ ఏడాదే.