సీమపనస అని ఇచ్చింది పనస మొక్కేనా?

ప్రశ్న: ఇంటి వెనక ఖాళీ స్థలంలో వేయడానికి సీమపనస అడిగితే, గింజ నుంచి మొలిపించామంటూ నర్సరీవాళ్లు ఒక మొక్క ఇచ్చారు. అడుగున ఒకటి రెండు ఆకులు చీలి ఉన్నాయి, పైవన్నీ నిండుగా, నున్నగా ఉన్నాయి. ఇది సీమపనసేనా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీరు రాసిన గుర్తులన్నీ మామూలు పనసనే చూపుతున్నాయి. పనస, సీమపనస (బ్రెడ్‌ఫ్రూట్) రెండూ ఆర్టోకార్పస్ ప్రజాతికి చెందినవే, గిల్లితే రెండింటికీ తెల్లని పాలు కారతాయి, కనుక ఆకునే చూడాలి. లేత పనస మొక్కల తొలి ఆకులు ఒక్కోసారి చీలి ఉండి సీమపనసేమోనని భ్రమపెడతాయి. ఎదిగేకొద్దీ ఆ చీలికలు పోయి, సుమారు జానెడు పొడవున్న ముదురాకుపచ్చని ఆకులు వస్తాయి. సీమపనస ఆకు మూరెడు దాకా పెరిగి, సాధారణంగా వేళ్లు చాపిన చేతిలా నడిమి ఈనె వైపు లోతుగా చీలి ఉంటుంది.

గింజ మాట మరీ అనుమానించదగ్గది. మనం కూరకు వాడే సీమపనసలో గింజే ఉండదు. వేరు పిలకలనో, వేరు ముక్కలనో నాటి పెంచాలి. తాహితీ నుంచి ఈ చెట్టును వెస్టిండీస్‌కు తరలించడానికి ఆంగ్లేయులు ఓడలో కుండీలకొద్దీ బతికున్న మొక్కలు మోయవలసి వచ్చింది ఇందుకే. 1789లో బౌంటీ అనే ఆ ఓడ నావికులు తమ కెప్టెన్ బ్లైపై తిరగబడడంతో ఆ ప్రయత్నం చెడింది. రెండోసారి వెళ్లిన ప్రావిడెన్స్ ఓడ 1793లో మొక్కలను జమైకా చేర్చింది.

మొక్కను మార్చుకోండి, అయితే సీమపనసకు కాదు, అంటు పనసకు. సీమపనస పసిఫిక్ దీవుల వెచ్చదనానికి అలవాటుపడిన చెట్టు. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో, పదిహేను డిగ్రీల దగ్గరికి దిగే జనవరి రాత్రులు దానికి పడవు. కాయ మాత్రం జీగుజ్జె పేరుతో మంగళూరు వైపు నుంచి మార్కెట్‌కు వస్తుంది. చెక్కు తీసి పలచని చక్రాలుగా తరిగి బజ్జీలు వేస్తే ఎంతో బాగుంటాయి. పడమటి కనుమల్లో పుట్టిన పనసకు ఈ నేల, ఈ వాతావరణం రెండూ సరిపడతాయి. పైగా లేత కాయ కొట్టి, ఆవ పెట్టి వండుకునే పనసపొట్టు కూర రుచి సీమపనసతో రాదు, పండు తొనలు సరేసరి.

గింజ మొక్క తల్లిచెట్టు గుణాన్నే తెస్తుందన్న నమ్మకం లేదు, కాపుకు కూడా ఆలస్యం చేస్తుంది. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తుమకూరు జిల్లా నుంచి ఎంపిక చేసిన ‘సిద్దు’ రకానికి తొనలు రాగి ఎరుపులో ఉంటాయి, కాయ చిన్నది, కనుక ఇంటికి అనువైనది. ఏ రకమైనా గోడకు, డ్రైనేజీ గొట్టాలకు బాగా దూరంగా, వాన నీరు నిలవని చోట నాటండి. నీరు నిలిస్తే పనస బతకదు.