ఓ మోస్తరు అంటే అసలు ఎంత?

ఓ మోస్తరు అంటే మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు, మధ్యస్థం అని. మోస్తరు అంటే విడిగా తీరు, రకం అనే అర్థం (ఈ మోస్తరుగా ఉంది అంటాం కదా), ముందు 'ఓ' చేరేసరికి ఒక రకంగా, ఫర్వాలేదనిపించేంత అనే భావం వస్తుంది, అందుకే ఓ మోస్తరు ఇల్లు, ఓ మోస్తరుగా చదువుతాడు అని సైజుకీ నాణ్యతకీ రెంటికీ వాడతాం.

చాలామంది దీన్ని 'కొద్దిగా' అనుకుంటారు, అది తప్పు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 15.6 నుంచి 64.4 మిల్లీమీటర్ల దాకా పడితే ఓ మోస్తరు వర్షం. దానికంటే తక్కువైతే తేలికపాటి వాన. కాబట్టి వార్తల్లో ఈ మాట వింటే నాలుగు చినుకులే కదా అని కళ్లంలో మిర్చి అలా వదిలేయకండి, పట్టా కప్పాల్సిందే.