వేళ్ళ మీద లెక్కపెట్టడం మాన్పించాలా?

రెండో తరగతి పాప 8+5 ఎంతంటే ఇప్పటికీ వేళ్ళు తీస్తోంది, ఎక్కాలు వరసగా అప్పజెబుతుంది గానీ మధ్యలో ఆరు నాలుగులు అడిగితే మళ్ళీ మొదటి నుంచీ చదువుతోంది అని రాశారు. మా ఇంట్లో కూడా ఇదే గోల, తిరుపతిలో మా వీధిలో ఎవరిని కదిలించినా ఇదే మాట.

ముందు వేళ్ళ గురించి టెన్షన్ మానేయండి. అవి వాటంతటవే పోతాయి, కాకపోతే వాటి స్థానంలోకి ఇంకోటి రావాలి. అది పది. 1-9, 2-8, 3-7, 4-6, 5-5, కలిపితే పది అయ్యే ఈ జతలు పాపకి నిద్రలో లేపి అడిగినా రావాలి. అట్టముక్క మీద రెండు వరసల్లో ఐదేసి గళ్ళు గీసి, చింతగింజలు ఎనిమిది పెట్టి, ఖాళీ ఎన్ని అని అడగండి. కొన్నాళ్ళకి లెక్కపెట్టకుండా చూడగానే రెండు అంటుంది. అప్పుడు 8+5 ఇవ్వండి: ఐదులోంచి రెండు తీసి ఖాళీ గళ్ళు నింపితే పది, బయట మూడు మిగిలాయి, పదమూడు. 13-8 కూడా ఇదే దారి, ఎనిమిది నుంచి పదికి రెండు, అక్కడి నుంచి పదమూడుకి మూడు, మొత్తం ఐదు. పక్కన 6+6, 7+7 లాంటివి కూడా నేర్పితే 6+7 అడిగినప్పుడు "పన్నెండుకి ఇంకొకటి" అని తనే చెబుతుంది.

మా అత్తగారు మాత్రం ఇరవయ్యో ఎక్కం దాకా బట్టీ కొట్టించాల్సిందే అంటారు, నేను వాదించను. ఆవిడే మా వాడికి వామనగుంటలు నేర్పారు, చివరి గింజ ఏ గుంటలో పడుతుందో ముందే చూసుకోవాలి కాబట్టి వాడి లెక్కకి అదే ఎక్కువ పనికొచ్చింది. అంగడికి పంపి చిల్లర చూసుకుని రమ్మనడం, అలిపిరి మెట్లెక్కేటప్పుడు ఐదేసి చొప్పున లెక్కపెట్టించడం కూడా చేస్తాం, కాకపోతే గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, ఆయాసంలో లెక్క తప్పుతుంది, వదిలేయండి.

ఎక్కాల్లో 1, 2, 5, 10 ముందు. తర్వాత గింజల్ని ఆరేసి చొప్పున నాలుగు వరసలు పేర్చి అట్టని పక్కకి తిప్పి చూపించండి, నాలుగేసి చొప్పున ఆరు వరసలు అవుతాయి, సంఖ్య మారదు. ఇది అర్థమైతే పదో ఎక్కం దాకా కొత్తగా గుర్తుపెట్టుకోవాల్సినవి 21 మాత్రమే. రోజూ పది నిమిషాలు చాలు, గడియారం పెట్టి మాత్రం అడగొద్దు, తెలిసింది కూడా మర్చిపోతారు. ఏడు ఎనిమిదులు ఎంతకీ పట్టుబడకపోతే 56 = 7×8 అని రాసి చూపించండి, 5, 6, 7, 8 వరసగా ఉంటాయి.