ఫినిష్ నొక్కకముందే చూసుకోవాల్సినవి

నల్లగొండ

బిడ్డా,

లైనక్స్ ల్యాబ్ కోసం నీ ల్యాప్‌టాప్‌ల వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తున్ననని, 8 జీబీ ర్యామ్ సరిపోతదా అని అడిగినవు. సరిపోతది. కాకపోతే దాంట్ల కొత్త మెషిన్, అంటే ఆ లోపలి కంప్యూటర్, చేసేటప్పుడు అది అడిగేవాటిల కొన్ని రేపు మార్చుకునేటివి, కొన్ని ఒకసారి సరే అన్నంక మళ్ల మొదటినుంచి చేసుకోవాల్సినవి. ఈ రెండో రకం దగ్గరనే అందరు నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంట పోతరు. నువ్వు అక్కడ ఆగాలె.

ముందుగాల టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌ల సీపీయూ మీద నొక్కు. కింద వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అని కనబడాలె. డిజేబుల్డ్ అని ఉంటే బయోస్‌లకు (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగ్ తెర) పోయి ఆన్ చెయ్. ఇంటెల్‌ల వీటీ-ఎక్స్ అనో వర్చువలైజేషన్ టెక్నాలజీ అనో ఉంటది, ఏఎండీల ఎస్‌వీఎం మోడ్ అని ఉంటది. అది ఆఫ్ ఉన్నన్ని రోజులు 64 బిట్ ఉబుంటు (మనం ఎక్కించే లైనక్స్) లేవదు, ఎన్నిసార్లు మెషిన్ తీసేసి మళ్ల చేసినా అంతే.

ఉబుంటు ఇన్‌స్టాల్ చేసే ఐఎస్ఓ ఫైల్ ల్యాబ్‌నుంచి పెన్‌డ్రైవ్‌ల తెచ్చుకుంటనన్నవు. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్ఓ 5 జీబీ దాటుతది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌ల ఉంటే 4 జీబీ మించిన ఫైల్‌ను పట్టదు, లోపల 20 జీబీ ఖాళీ ఉన్నా సరే. పోకముందే ఎక్స్‌ఫ్యాట్‌గ ఫార్మాట్ కొట్టు. దాంట్ల ఉన్నవి పోతయి కాబట్టి ముందే వేరేకాడ దాచుకో.

ఇగ వర్చువల్‌బాక్స్‌ల న్యూ నొక్కినంక పేరు కింద ఫోల్డర్ అని ఒక గడి ఉంటది. ఎవ్వరు చూడరు దాన్ని. అది మామూలుగ సీ డ్రైవ్‌లనే చూపిస్తది. నీ సీ డ్రైవ్ ఇప్పటికే ఎర్రగ ఉన్నదంటివి, అందుకే డీ డ్రైవ్‌ల ఫోల్డర్ చేసి అది చూపించు. తర్వాత జరపనీకె మూవ్ అని ఉంటది గాని, సీ నిండినంక తిప్పలు పడుడు ఎందుకు?

అదే తెర మీద ఐఎస్ఓ ఎంచుకోంగనే, ఇన్‌స్టాల్ అంత నేనే చేస్తనంటది వర్చువల్‌బాక్స్ 7. దానికి ఒప్పుకోకు. అనటెండెడ్ ఇన్‌స్టాలేషన్ గడి మీద మాట చదివి చెయ్: స్కిప్ అని ఉంటే టిక్ పెట్టు, ప్రొసీడ్ అని ఉంటే టిక్ తియ్యి. ఒప్పుకుంటే వీబాక్స్‌యూజర్ అని యూజర్ పేరు, చేంజ్‌మీ అని పాస్‌వర్డ్ దానంతట అదే పెట్టేస్తది. ఉబుంటుల ఆ యూజర్‌కు చానాసార్లు సుడో అధికారం (అడ్మిన్ పనులు చేసే హక్కు) ఉండదు. భాష సెట్టింగ్ సరిగ పడక టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర) గుండ్రంగ తిరిగి తిరిగి తెరుచుకోకుండనే ఆగిపోతది. కొత్తగ నేర్చుకునేటోళ్లు ఉబుంటే పాడైందనుకుంటరు. చేత్తోటి ఇన్‌స్టాల్ చేస్తే ఓ పావుగంట ఎక్కువ పడుతది, పట్టనీ.

ర్యామ్ సంగతి. ఒక్క బోరు మీద రెండు మడులు పారించినట్టే ఇది. ఇటు గండి పెద్దగ కొడితే అటు మడి ఎండుతది. నీ 8 జీబీల విండోస్, క్రోమ్ కలిసి సగం దాక తింటయి. మెషిన్‌కు 4096 ఎంబీ ఇయ్యి, అది నడిచినంతసేపు క్రోమ్ మూసిపెట్టు. 6 జీబీ ఇస్తే ఉబుంటు ఉరుకుతదనుకోకు. విండోస్‌కు జాగ చాలక ర్యామ్‌ల పట్టనివి డిస్క్ మీదికి తోసుడు మొదలుపెడ్తది, మౌస్ సుత కదలదు, రెండూ కూలబడ్తయి. ల్యాబ్‌ల టెర్మినల్ కమాండ్లే ఉంటే ఉబుంటు సర్వర్ (కమాండ్లే తప్ప బొమ్మల తెర లేనిది) ఏసుకో, 2048 ఎంబీల హాయిగ నడుస్తది. నన్నడిగితే నీకు అదే మంచిది. ప్రాసెసర్లు 2 పెట్టు. 1తోని డెస్క్‌టాప్ ఈడుస్తది. గీత మీద ఎర్ర భాగంలకు మాత్రం జరపకు. ఇవి రెండు మెషిన్ ఆపి ఎప్పుడన్న మార్చుకోవచ్చు, రంది లేదు.

డిస్క్ అట్ల కాదు. 25 జీబీ పెట్టు, మొత్తం సైజు ముందే కేటాయించే గడిని ఖాళీగ ఉంచు. అట్లయితే ఫైల్ చిన్నగ మొదలై వాడినకొద్ది పెరుగుతది. పెరుగుడే గాని దానంతట అది తగ్గదు: ఉబుంటు లోపల 5 జీబీ తీసేసినా బయట డీ డ్రైవ్‌ల ఆ జాగ దానంతట అదే తిరిగి రాదు. డీ నిండితే మెషిన్ నడుమల ఆగి ఎర్రర్ చూపిస్తది. భయపడకు, జాగ ఖాళీ చేసి మళ్ల నడిపిస్తే సాగుతది. తర్వాత పెద్దగ చేయాలంటే బయట డిస్క్ పెంచి, లోపల పార్టిషన్‌ను సుత పెంచాలె. రెండో పని మరిచే, పెంచినా పెరగలేదంటరు చానామంది.

ఈఎఫ్ఐ (మెషిన్ బూట్ అయ్యే ఒక తీరు) గడి ఉబుంటుకు ఖాళీగ ఉన్నా నడుస్తది. ఒకతీరుగ ఇన్‌స్టాల్ చేసి తర్వాత మారిస్తే మాత్రం బూట్ కాదు.

సెట్టింగ్స్‌ల డిస్‌ప్లేకు పోయి వీడియో మెమరీ 16 ఎంబీ ఉంటే 128 చెయ్. 3డీ పెడితే తెర నల్లగ అయితే అది తీసెయ్. నెట్‌వర్క్ న్యాట్‌ల (మెషిన్ నీ ల్యాప్‌టాప్ నెట్‌నే వాడుకునే తీరు) ఉండనీ. హాస్టల్ వైఫైల బ్రిడ్జ్‌డ్ (మెషిన్ నేరుగ వైఫైకి కలిసే తీరు) చానాకాడ పని చెయ్యది, ఎందుకంటే ఆ వైఫై నీ ల్యాప్‌టాప్‌నే గుర్తుపడ్తది, దాని వెనుకున్న మెషిన్‌ను రానియ్యది. న్యాట్‌ల లోపలి ఐపీ 10.0.2.15 అని వస్తది. రెండు మెషిన్లకు అదే వచ్చిందని పరేషాన్ కాకు, ఎవరి న్యాట్ వారిదే. విండోస్‌నుంచి ఎస్ఎస్‌హెచ్ (మెషిన్‌లకు టెర్మినల్‌తోని పోయే దారి) కావాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్‌ల హోస్ట్ (ల్యాప్‌టాప్) 2222, గెస్ట్ (మెషిన్) 22 అని రాయి.

కింద మూలకు పచ్చ తాబేలు బొమ్మ కనబడితే హైపర్-వీ (విండోస్ సొంత వర్చువలైజేషన్) అడుగున నడుస్తున్నదని అర్థం, అందుకే నిదానం. విండోస్ కోర్ ఐసోలేషన్‌ల మెమరీ ఇంటెగ్రిటీ ఆన్‌ల ఉన్నా అట్లనే అయితది. అది భద్రతకు పెట్టింది, వెంటనే తియ్యకు. పని సాగితే తాబేలునే ఉండనీ.

ఇన్‌స్టాల్ అయినంక, అప్‌డేట్ చేసి, గెస్ట్ అడిషన్స్ (తెర, మౌస్ సరిగ పనిచేయనీకె వర్చువల్‌బాక్స్ ఇచ్చేవి) ఏసి, మెషిన్ ఆపి ఒక స్నాప్‌షాట్ (మళ్ల ఇదే స్థితికి తిరిగి రానీకె దాచిపెట్టేది) తీస్కో. ఒకటి రెండు చాలు, పదైతే డీ డ్రైవ్ నిండుతది. ఎండకాలం పాలమూరుల కరెంట్ పోయి బ్యాటరీ తగ్గితే మూత పెట్టుకుంట పోకు, మెషిన్ విండో మూసి సేవ్ ద మెషిన్ స్టేట్ అని ఇయ్యి.

ఏడన్న ఆగిపోతే ఎర్రర్ డబ్బాల డీటెయిల్స్ తెరిచి, మొత్తం కనబడేటట్టు ఫోటో తీసి పంపు. పైన వాక్యం ఒక్కటే పంపకు, అసలు కారణం ఆ కింది అక్షరాలలనే ఉంటది.

నీ పెద్దబాపు