సంపు వల్లా, సంపు నుంచా, సంపు మీంచా?

సందేహం: కార్ల మరమ్మతు మీద తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. ఇంజిన్ ఆయిల్ ఎక్కడ లీకవుతోందో కనిపెట్టే అధ్యాయంలో, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి అయిన సంపు గురించి, ‘సంపు వల్ల ఆయిల్ కారుతోంది’, ‘సంపు నుంచి కారుతోంది’, ‘సంపు మీంచి కారుతోంది’ అని మూడు రకాలుగా రాశాను. మూడూ ఒకటేననీ, ఏదో ఒకటే అంతటా ఉంచాలనీ మా పరిష్కర్త అంటున్నారు. ‘లీకు’ అన్న మాట తీసేసి అన్నిచోట్లా ‘కారడం’ అనే రాయాలని కూడా ఆయన సూచన. ఏది సరైనది?

సమాధానం: మూడు వాక్యాల్లోనూ వ్యాకరణ దోషం లేదు, కాని మూడింటి అర్థమూ ఒకటి కాదు. ఒకదాన్నే అంతటా ఉంచితే ఆ అధ్యాయంలో మీరు చెప్పదలచిన అసలు సంగతే చెరిగిపోతుంది. ఆయిల్ ఎక్కడ బయటపడింది, ఏ దారిన వచ్చింది, ఎందుకు బయటపడింది అన్నవి మెకానిక్కు విడివిడిగా తేల్చుకోవలసిన ప్రశ్నలు. వాటిని విడదీసి చెప్పగల ప్రత్యయాలు తెలుగులో ఉన్నాయి కనుక వాటిని వాడుకోవడమే న్యాయం.

‘మీంచి’ అన్నది ‘మీది నుంచి’ అన్నదాని వాడుక రూపం. అది పైభాగాన్ని మాత్రమే చెబుతుంది, లోపలి సంగతి చెప్పదు. గోడ మీంచి నీళ్ళు కారుతున్నాయంటే మేస్త్రీ ఇంటి కప్పు చూస్తాడు, గోడలోంచి వస్తున్నాయంటే లోపలి పైపును అనుమానిస్తాడు. ఉత్త ‘నుంచి’ ఈ రెండింటిలో ఏదన్నది తేల్చదు. అందుకే లీకు గురించి రాసేటప్పుడు దాన్ని ఒంటరిగా వదలకుండా మీంచి, లోంచి, దగ్గర్నుంచి అని ఏదో ఒక చోటుతో కలిపి వాడమని నా సలహా. ‘సంపు కారుతోంది’ అనేటప్పుడు మరీ జాగ్రత్త అవసరం. ‘కారు’ అనే క్రియకు ద్రవమూ కర్త కావచ్చు, దాన్ని పట్టి ఉంచిన పాత్రా కర్త కావచ్చు. నీళ్ళు కారుతున్నాయనీ అంటాము, కుండ కారుతోందనీ అంటాము. పాత్రను కర్తగా పెట్టిన మరుక్షణం తప్పు దానిదేనని నిర్ణయించినట్టవుతుంది.

ఇంజిన్ విషయంలో ఆ నిర్ణయం తరచుగా పొరపాటవుతుంది. ఆయిల్ పల్లానికి జారుతుంది, బండి పరుగెత్తేటప్పుడు గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. సంపు ఇంజిన్‌కు అడుగున ఉంటుంది కాబట్టి పైన ఎక్కడ బయటపడిన ఆయిలైనా దాని అంచుకు చేరి చుక్కలు కట్టవచ్చు. ఇంజిన్‌కు పైమూత అయిన ట్యాపెట్ కవర్ కింద, సందు మూయడానికి పెట్టే ప్యాకింగ్ గట్టిపడి పగిలినప్పుడు ఆయిల్ ఇంజిన్ వెనకభాగం మీంచి జారి, ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య అతుకు దగ్గర పడుతుంది. కిందినుంచి చూసేవారికి అది క్రాంక్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక ఆయిల్ సీల్ పోయినట్టే కనిపిస్తుంది. ఆ సీల్ మార్చాలంటే మామూలుగా గేర్‌బాక్స్ దించాలి, ప్యాకింగ్ మార్చడానికి చాలా కార్లలో పై కవర్ విప్పితే చాలు. ఇంత తేడా ఉన్నచోట ‘గేర్‌బాక్స్ అతుకు నుంచి కారుతోంది’ అని రాసి ఊరుకోవడం పాఠకునికి నష్టం చేయడమే. దానికి బదులు ‘ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ సందులోంచి బయటపడిన ఆయిల్, ఇంజిన్ వెనకభాగం మీంచి జారి, గేర్‌బాక్స్ అతుకు దగ్గర చుక్కలుగా పడుతోంది’ అని రాయండి. వాక్యం పొడుగైనా, పుట్టిన చోటు, నడిచిన దారి, పడిన చోటు దేనికది తెలుస్తుంది. తడి కనిపించినవాటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందువైపు ఉన్న చోటునుంచి వెతకాలన్న నియమం కూడా ఆ వాక్యంలోనే ఇమిడి ఉంది.

ఇక ‘వల్ల’. బడిలో వల్లించిన విభక్తుల పట్టికలో పంచమికి వలన, కంటె, పట్టి అనే ఉన్నాయి, ‘నుంచి’ లేదు. వస్తువు దేని నుంచి విడివడిందో చెప్పడానికి గ్రాంథిక భాషలో ‘వలన’ వాడేవారు. ‘వృక్షము వలన ఫలము రాలెను’ అంటే చెట్టు నుంచి పండు రాలిందని అర్థం. నేటి వాడుకలో ఆ పని ‘నుంచి’కి పోయింది, ‘వల్ల’ ప్రధానంగా హేతువుకే మిగిలింది. మీ పరిష్కర్త రెండూ ఒకటే అనడానికి ఆ పాత సంబంధమే కారణం కావచ్చు. కాని ఇంజిన్‌లో చోటు వేరు, హేతువు వేరు. పిస్టన్ రింగులను దాటి కిందికి వచ్చే వాయువులు బయటికి పోవడానికి ఒక వాల్వు ఉంటుంది, దాన్ని పీసీవీ వాల్వు అంటారు. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్యాకింగ్ సందుల్లోంచి, సీళ్ళలోంచి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. అప్పుడు ‘ప్యాకింగ్ వల్ల కారుతోంది’ అనడం తప్పు. వాల్వు మూసుకుపోవడం వల్ల ప్యాకింగ్ దగ్గర్నుంచి కారుతోంది. ‘వల్ల’ను నమ్మి ప్యాకింగ్ ఒక్కటే మార్చినవారికి కొన్నాళ్ళకు లీకు మళ్ళీ కనిపిస్తుంది. ఆయిల్ ఫిల్టరు సంగతీ ఇంతే. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండగా దానిమీద కొత్త ఫిల్టరు బిగిస్తే ఆయిల్ ఫిల్టరు దగ్గర్నుంచే కారుతుంది, కాని కొత్త ఫిల్టరు వల్ల కాదు.

‘లీకు’ను తీసేయవద్దు. అది ఇంటింటా స్థిరపడిన మాట, లోపానికి పేరు. ‘కారడం’ ఒక క్రియ, అదీ ద్రవం కిందికి దిగడానికే చెల్లుతుంది. గ్యాసు లీకవుతుంది గాని కారదు. పైగా ఆయిల్ బయటపడే ప్రతి తీరునూ కారడం అనలేము. అతుకు వెంట పలచని తడి తేలి, దుమ్ము పట్టి ఉంటే ఆయిల్ చెమర్చిందనండి, అది వెంటనే భయపడవలసిన స్థితి కాదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ ప్రెషర్ స్విచ్ పగిలితే ఆయిల్ చిమ్మవచ్చు, అది బండి ఆపవలసిన స్థితి. పోసేటప్పుడు మూత చుట్టూ పడినది ఒలికిన ఆయిల్. దాన్ని కారిన ఆయిల్‌గా పొరబడడం చాలా మామూలు కనుక, ముందు ఇంజిన్‌ను శుభ్రంగా కడిగి ఆరబెట్టి, కొంతదూరం నడిపి, అప్పుడు తాజా తడి ఎక్కడ పుట్టిందో చూడాలని మీ పుస్తకంలో తప్పక రాయండి. అప్పటికీ తేలకపోతే ఆయిల్‌లో రంగు కలిపి, నడిపి, అతినీలలోహిత దీపంతో చూసే పద్ధతి ఉంది. బయటపడిన చోటు మెరుస్తుంది. కింద ఒక్క చుక్కా పడకుండా మట్టం తగ్గుతుంటే ఆయిల్ లోపల కాలిపోతోందేమో చూడాలి. అక్కడ ‘కారడం’ అన్న మాటే రాకూడదు, ‘తగ్గడం’ అనాలి.

మీ అధ్యాయానికి శీర్షికగా ‘కారు ఆయిల్ కారుతుంటే’ అని పెట్టకండి. నామవాచకమూ క్రియా ఒకే రూపంలో ఎదురుపడి చదువరి చూపు తడబడుతుంది. ‘ఇంజిన్ ఆయిల్ లీకు ఎక్కడిది?’ అంటే చాలు. ‘ఎక్కడిది’ అన్న తెలుగు ప్రశ్న పడిన చోటును కాక పుట్టిన చోటునే అడుగుతుంది.