రాజకీయాల్లోకి వెళ్తానంటున్న అమ్మాయి: ఎంఏనా, గ్రూప్-2నా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరం. డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ఎంఏ చేసి, మహిళల సమస్యల మీద పనిచేసి, తర్వాత రాజకీయాల్లోకి వెళ్తానంటోంది. ముందు గ్రూప్-2 కొట్టమని మేం చెబుతున్నాం. ఏది మంచిది?
- ఒక తండ్రి

జవాబు: ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే పార్టీలో ఉండటం కుదరదు. పోటీ చేయాలంటే రాజీనామా చేయాల్సిందే. కాబట్టి ‘ముందు ఉద్యోగం’ అని మీరంటే తనకు ‘రాజకీయాలు వద్దు’ అనే వినపడుతుంది. వద్దనే ఉద్దేశమైతే సూటిగా చెప్పండి.

ఎంఏ మంచిదే. స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధనల్లో పని దొరుకుతుంది, కాకపోతే చాలావరకు కాంట్రాక్టే. నా అనుమానమంతా ఇప్పుడు ఊపు మీదున్న లీడర్‌షిప్ సర్టిఫికెట్ కోర్సుల మీద. రాజకీయాల్లో, నిర్ణయాల్లో మహిళలకు సమాన అవకాశం ఉండాలన్నది 2030 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 5.5. ఆ కోర్సులు చేసి ఆ నంబరు గడగడా చెప్పే పిల్లల్లో కొందరు ఒక్క గ్రామసభకైనా వెళ్లి ఉండరు. పశ్చిమ బెంగాల్, రాజస్థాన్ పంచాయతీలపై ఆర్థికవేత్తలు చటోపాధ్యాయ, డఫ్లో 2004లో ప్రచురించిన అధ్యయనం చూడండి. సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వ్ అయిన ఊళ్లలో తాగునీటి పనులు ఎక్కువ జరిగాయి. అక్కడి ఆడవాళ్లు ఎక్కువగా అడిగింది కూడా నీళ్లే. ఊరి ఆడవాళ్లకు ఏం కావాలో వినడం ఏ సర్టిఫికెట్టూ నేర్పదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవే. 21 ఏళ్లు నిండితే పోటీ చేయొచ్చు, అసెంబ్లీకైతే 25. రిజర్వేషన్ మాత్రం మారుతూ ఉంటుంది, ఈసారి ఉన్న సీటు వచ్చేసారి ఉండకపోవచ్చు. గౌరవ వేతనంతో ఇల్లు గడవదు. అందుకే చేతిలో ఒక పని ఉండాలి, ఎంఏ అందుకు పనికొస్తుంది. ఎంపీల దగ్గర సుమారు ఏడాది పనిచేసే ల్యాంప్ ఫెలోషిప్‌కు స్టైపెండ్ కూడా ఇస్తారు, అది ప్రయత్నించమనండి.

ఇక మీ సంగతి. భార్య గెలిస్తే భర్త పెత్తనం చేసే ఊళ్లు చూసి, రాజకీయాలు ఆడపిల్లకు తగవనుకుంటున్నట్టున్నారు. రేపు మీ అమ్మాయే గెలిస్తే, తను సంతకం పెట్టాల్సిన కాగితం ముందు మీరు చదవకుండా ఉండగలరా? ఆ అలవాటు ఇంట్లోనే మొదలవుతుంది. ఏ కోర్సు చదవాలో కూడా తననే తేల్చుకోనివ్వండి.

టెన్షన్ పడకండి. ఇరవై ఏళ్ల వయసులో తనకేం కావాలో ఇంత స్పష్టంగా చెప్పే పిల్లలు తక్కువ. ఎంఏ చేసినా గ్రూప్-2కు అర్హత ఎక్కడికీ పోదు, వయోపరిమితి దాటకముందు ఎప్పుడైనా రాయొచ్చు. ఫీల్డ్ వర్క్ ఉన్న కోర్సు, వీలైతే ప్రభుత్వ యూనివర్సిటీలో చూడండి. పెద్ద అప్పు మాత్రం చేయకండి, వాయిదాలు కట్టాల్సి వస్తే తను ఊళ్లోకి వెళ్లే బదులు జీతం వెతుక్కోవాల్సి వస్తుంది.